లోడ్ పెరగగానే సర్వర్ రీబూట్ అవుతోందా? ముందు ఇవి చూడండి

మామూలుగా బాగానే పనిచేసే లైనక్స్ ఫైల్ సర్వర్, నాలుగైదు సిస్టమ్‌ల నుంచి ఒకేసారి పెద్ద ఫైళ్లు కాపీ చేయగానే రీబూట్ అయిపోతోందా? పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక స్టూడియోలో ఈ మధ్య ఇదే చూశాను. అక్కడ అందరి అనుమానం ఎన్‌ఎఫ్‌ఎస్ మీదే.

నేనైతే ముందు కిందటి బూట్ లాగ్ తీస్తాను. జర్నల్ డిస్క్‌లో సేవ్ అవుతుంటేనే అది దొరుకుతుంది. చివర్లో షట్‌డౌన్ మెసేజ్‌లు ఉంటే ఎవరో, ఏదో ప్రోగ్రామో ఆపినట్టు. మధ్యలో తెగిపోతే క్రాష్, లేదా పవర్ సమస్య.

తర్వాత కెర్నల్.ప్యానిక్ సెట్టింగ్. అది 0 అయితే, ప్యానిక్ వచ్చినప్పుడు సాధారణంగా సర్వర్ అక్కడే హ్యాంగ్ అవుతుంది తప్ప రీబూట్ అవదు. ఇక్కడ 0 ఉంది, వాచ్‌డాగ్ కూడా ఆఫ్. నెట్‌కన్సోల్‌తో కెర్నల్ మెసేజ్‌లను పక్క ల్యాప్‌టాప్‌కి పంపినా ఒక్క లైన్ రాలేదు. బ్యాకప్ తీసుకుని, ఎన్‌ఎఫ్‌ఎస్ ఆపేసి, ప్రాసెసర్‌కీ అన్ని డిస్క్‌లకీ ఒకేసారి లోడ్ ఇచ్చాను. మళ్లీ రీబూట్! ఎస్‌ఎంపీఎస్ మార్చాక అదే టెస్ట్ రాత్రంతా నడిచింది.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్‌లో అసింక్ పెట్టి ఉంటే, డేటా డిస్క్‌కి చేరకముందే సర్వర్ 'రాసేశాను' అని చెప్పేస్తుంది. అప్పుడే రీబూట్ అయితే ఆ డేటా పోయినట్టే. తాళి కట్టే షాట్ మళ్లీ తీయలేం కదా! కారణం దొరికేదాకా స్పీడ్ తగ్గినా సరే, సింక్‌లోనే ఉంచండి. కెమెరా కార్డులు అప్పుడే ఫార్మాట్ చేయకండి.