డోరు స్పీకరు మూగనోము!

సెలవు రోజు. అమ్మమ్మగారి ఊరికి ప్రయాణం. పిల్లలు వెనక సీట్లో సర్దుకున్నారు. నాన్న పాటలు పెట్టాడు. ఊరు దాటాక అమ్మకి అనుమానమొచ్చింది.

'ఏమండీ, నావైపు పాట రావట్లేదు.'

'వస్తోందిగా!'

'మీవైపు వస్తోంది...'

ఆయన స్టీరియో మీద రెండు దెబ్బలేస్తాడు. ఆవిడ డోరు మీద ఓ గుద్దు గుద్దుతుంది. క్షణంపాటు గరగరమని, మళ్లీ మౌనం. మర్నాడు కారు యాక్సెసరీల షాపు ముందు ఆగుతుంది. 'స్పీకరు పోయింది సార్. ఒక్కటే మారిస్తే సౌండ్ కలవదు, జత మార్చాలి. ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి స్టీరియో కూడా...' అంటూ బిల్లు వేలల్లోకి పాకుతుంది. చాలాసార్లు అక్కడ తెగింది మాత్రం ఓ సన్నటి తీగ!

కారులో పాట కొత్తదేం కాదు. అమెరికాలో గాల్విన్ సోదరుల కంపెనీ 1930లోనే కారు రేడియో అమ్మింది. దానికి పెట్టిన పేరే మోటరోలా. ఇక స్పీకరు ఇంకా పాతది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్‌లు 1925లో వివరించిన సూత్రమే ఇప్పటికీ దానికి ప్రాణం. అయస్కాంతం మధ్యలో సన్నటి తీగచుట్ట, దానికి అంటుకున్న గరాటులాంటి అట్ట. తీగచుట్టలో కరెంటు ఎటు పారితే అట్ట అటు కదులుతుంది. ఆ కదలికే మనకు పాట. ఇంత సాదా వస్తువు కాబట్టే పాడయ్యేందుకు దాన్లో ఉన్న దారులూ తక్కువే. గొడవంతా దాని దాకా వచ్చే తోవలో.

ముందు సెట్టింగులు చూడండి

నవ్వకండి. టచ్ స్క్రీను మీద పిల్లల వేళ్లు ఆడితే ధ్వని మొత్తం ఓ మూలకి జరిగిపోవచ్చు. బ్యాలెన్స్ అంటే కుడి ఎడమల పంపకం, ఫేడర్ అంటే ముందు వెనకల పంపకం. ఆ చుక్కని మౌనంగా ఉన్న స్పీకరు వైపు పూర్తిగా జరిపి చెవి పెట్టండి. సన్నగానైనా వినిపించిందా, అది ఒక కథ. అసలు శబ్దమే లేదంటే మరో కథ. అద్దం దగ్గరుండే చిన్న ట్వీటరు పలుకుతూ డోరు కింద మాత్రం నిశ్శబ్దమైతే, చాలా కార్లలో స్టీరియో బాగానే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు పాట పెట్టి డోరుని మెల్లగా తెరుస్తూ, మూస్తూ ఉండండి. మధ్యలో ఎక్కడో పలికి మళ్లీ ఆగిందంటే దొంగ దొరికినట్టే. కారు బాడీకీ డోరుకీ మధ్య, కీలు దగ్గర మడతలు మడతలుగా నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది. స్పీకరు తీగలతోపాటు పవర్ విండో, డోర్ లాక్ తీగలూ దాన్లోంచే వెళ్తాయి. డోరు తీసిన ప్రతిసారీ అవన్నీ వంగాల్సిందే. రోజుకి ఇరవైసార్లు తీస్తే ఏడాదికి 7,300 వంపులు! ఏ తీగైనా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఆ డోరుకే అద్దం కూడా మొరాయిస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

తీగ అతికించడంలోనూ ఓ కిటుకుంది. టేపు చుట్టి వదిలేస్తే నాలుగు నెలల్లో మళ్లీ మొదటికే. సోల్డరింగ్ చేసి వేడికి బిగుసుకునే స్లీవు తొడగాలి. ఆ అతుకు వంపు తిరిగే తొడుగులో ఉండకూడదు. గట్టిపడ్డ అతుకు పక్కనే తీగ మళ్లీ తెగుతుంది. కాస్త పొడవాటి కొత్త తీగ వేసి, అతుకుల్ని డోరులోకి ఒకటి, బాడీలోకి ఒకటి జరిపించమని అడగండి.

కొన్ని వందల రూపాయల మల్టీమీటరు ఇంట్లో ఉంటే సగం వాదనలు అక్కడే తేలిపోతాయి. కారు స్పీకర్లు ఎక్కువగా నాలుగు ఓములవి. కప్లర్ ఊడదీసి స్పీకరు రెండు కొసల మధ్య కొలిస్తే మూడు, మూడున్నర చూపిస్తుంది. అంటే తీగచుట్ట బతికే ఉంది. ఏమీ చూపకపోతే కాలిపోయింది. వాల్యూమ్ చివరిదాకా పెంచి, శబ్దం పగులుతున్నా వదలని కార్లలో ఇది మామూలే.

స్టీరియో మీదే అనుమానమా? దాని వెనక కుడి, ఎడమ తీగల్ని మార్చి తగిలించాలి. మౌనం అవతలి డోరుకి మారితే తప్పు స్టీరియోది. మారకపోతే తీగదో, స్పీకరుదో. బయట కొన్న స్టీరియోల్లో సాధారణంగా ముందు ఎడమకి తెలుపు, ముందు కుడికి బూడిదరంగు తీగలుంటాయి. నల్లచార ఉన్నది మైనస్. కంపెనీ స్టీరియోలో ఈ రంగులు వెతక్కండి, ఎవరి రంగులు వాళ్లవి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయనివ్వద్దు. ఓ తీగ తెగింది కదాని దాని బదులు కారు బాడీకి కలిపేయడం! పాత టేప్‌రికార్డర్ల రోజుల్లో చెల్లింది. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరుకి వెళ్లే రెండు తీగల్లో ఏదీ ఎర్తు కాదు. బాడీకి తగిలితే లోపలి యాంప్లిఫయరు చిప్ కాలిపోవచ్చు. కొన్నింట్లో తనను తాను కాపాడుకోవడానికి నాలుగు స్పీకర్లనూ ఆపేస్తుంది. నాలుగూ ఒకేసారి మూగబోతే, ఎక్కడో ఒక తీగ ఒరుసుకుని బాడీకి తగులుతోందేమో చూడాలి.

ప్లాస్టిక్ షీటు జాగ్రత్త

డోరు లోపల పొడిగా ఉంటుందనుకుంటాం. కాదు. అద్దం పక్కనుంచి వాననీరు లోపలికి దిగుతుంది, అడుగున సన్నటి రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ప్యానెల్ వెనకున్న ప్లాస్టిక్ షీటు ఆ నీటిని కారులోకి రానివ్వదు. తొందరలో దాన్ని చింపేసి, పైన ప్యానెల్ కొట్టేసే పనివాళ్లూ ఉన్నారు! తొలి వానకి కార్పెట్ తడిసి వాసనొస్తుంది. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగు కోసం డోరులోనే గాలి ఒత్తిడిని పసిగట్టే సెన్సరు ఉంటుంది, షీటు చిరిగితే దానికీ ఇబ్బందే. ఎయిర్‌బ్యాగు తీగలు, కప్లర్లు సాధారణంగా పసుప్పచ్చగా ఉంటాయి. వాటికి మీటరు పెట్టకూడదు, ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. కారు వారంటీలో ఉంటే ఒరిజినల్ తీగలు కోయకుండా, సరిపోయే కప్లర్‌తోనే పని కానివ్వాలి.

స్పీకరు మార్చాల్సిందేనని షాపులో గట్టిగా చెప్పారనుకోండి. సరే, మార్పించండి. పాతది మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి. గోడ గడియారంలోని పెన్సిల్ సెల్లు తీసి, రెండు తీగలతో దాని కొసలకి ఓసారి తాకించండి. ఠక్‌మని అట్ట ముందుకి కదిలిందా? అయితే మర్నాడు ఆ షాపుకి మరోసారి వెళ్లాల్సిన పని పడింది.