చొక్కా మీది మూడక్షరములు

అమెరికా విశ్వవిద్యాలయములకు చదువనేగిన మన తెలుగు బిడ్డలు తొలిదినములలో చూచు వింతలలో నొకటి కలదు: ప్రాంగణమధ్యమున పదిమంది నల్లజాతి యువకులు ఒకే రంగు చొక్కాలు తొడిగి, రొమ్మున మూడు గ్రీకు అక్షరములు దాల్చి, ఒక్క మృదంగమైన లేకయే, ఎత్తిన మోకాలి క్రింద చప్పట్లు చరచి మరుక్షణమున నేలను పాదముతో మోదుచు, అందరికిని ఒకే దేహమున్నట్లు కదలుట. దీనికి స్టెప్పింగ్ అని పేరు. చూచినవాడు ఇది చదువు విడిచినవారి కాలక్షేపమని తలపోసి సాగిపోవును. ఆ అక్షరములు వారి సంఘము పేరు; అట్టి సంఘములను గూర్చిన అపోహలలో పెక్కు ఆ చొక్కా వద్దనే పుట్టినవి.

వీరు తెల్లవారి సంఘములను అనుకరించి, తమంతట తామే వేరుపడిరని కొందరందురు. కాని ఇరువదవ శతాబ్ది ఆరంభమున న్యూయార్కు రాష్ట్రమందలి కార్నెల్ విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులు వ్రేళ్లపై లెక్కింపదగినంత మందియే. తోటివారి సంఘములలో వారికి చోటు లేదు. చదువు మధ్యనే విడిచి ఇంటిదారి పట్టినవారిని చూచి, మిగిలినవారు కూడి చదువుకొనుటకై ఏర్పరచుకొన్న చిన్న గోష్ఠియే 1906 డిసెంబరు 4న ఆల్ఫా ఫై ఆల్ఫా అను సోదరసంఘమైనది. అన్యజాతులవారికి ఇందు ప్రవేశము లేదనుటయు చెల్లదు. 1945 నుండియే ఈ సంఘము వారిని చేర్చుకొనుచున్నది.

కళాశాల విడిచిననాడే ఇది ముగియు ముచ్చట యనుట మరియొక పొరపాటు. నల్లజాతివారి ఇట్టి ప్రధాన సంఘములు తొమ్మిదింటిలో, అనగా ఐదు సోదరసంఘములు నాలుగు సోదరీసంఘములలో, సభ్యత్వము జీవితాంతము నిలుచును. పట్టభద్రులకు ఊరూర శాఖలు గలవు. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టనున పరిశోధకుడుగా నున్నప్పుడు ఆల్ఫా ఫై ఆల్ఫాలో చేరెను. 2011లో వాషింగ్టనున ఆవిష్కృతమైన ఆయన స్మారకమునకు మొదట పూనుకొన్నదియు ఆ సంఘమే.

ఒక్క ఆరోపణను మాత్రము అపోహ యని త్రోసివేయుటకు నా కలము సాగదు. దీక్ష పేరిట కొత్తవారిని కొట్టుట, అవమానించుట జరిగినవి, ప్రాణములును పోయినవి. సంఘనాయకులు కలసి 1990లో ఆ పాతపద్ధతిని రద్దుచేసినను చాటుమాటున అది చావలేదు. తెల్లవారి సంఘములలోను ఈ రోగము కలదు. ర్యాగింగు పేర మన హాస్టళ్లలో జరుగు ఘోరము లెరిగిన మనము, ఇది ఒక జాతి దుర్గుణమని పలుకుటకు ముందు కొంత సంకోచింపవలెను.

ఇక సోదరీసంఘములు విలాసవతుల కూటములట! అమెరికా మాజీ ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ మెడలోని ముత్యములను అలంకారమని తలచినవారు చాలమంది. ఆమె సభ్యురాలైన, 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫాకు ఆ ముత్యములు, సంఘమును స్థాపించి నిలబెట్టిన ఇరువదిమంది స్త్రీల చిహ్నము. 1913 జనవరిలో అచ్చటనే పుట్టిన డెల్టా సిగ్మా తీటా సభ్యురాండ్రు రెండు నెలలైన నిండకమునుపే, మార్చి 3న, స్త్రీల ఓటుహక్కు కొరకు వాషింగ్టను వీథులలో నడచిరి. 1935లో ఆల్ఫా కప్పా ఆల్ఫా స్త్రీలు మిసిసిపీలోని హోమ్స్ కౌంటీకి వైద్యము చేయబోగా, పత్తితోటలలో పాలుకు సేద్యము చేయు నల్లజాతి కుటుంబములను భూస్వాములు తోట దాటి వైద్యశిబిరమునకు పోనీయరైరి. అంతట డాక్టరు డొరతీ ఫెరెబీయు ఆమె తోడివారును మందులను, టీకాసూదులను తమ కార్లలో నింపుకొని తోటలలోనికే పోయిరి. కారు నిలిచినచోటనే ఆసుపత్రి. బిడ్డలకు మసూచికము, డిఫ్తీరియా రాకుండ అచ్చటనే టీకాలు. మరుసటి వేసవిని మరల మిసిసిపీకి వచ్చిరి. ఆపై వేసవియందును వచ్చిరి.