వృత్తికారుని కెమెరా

1975వ సంవత్సరమున అమెరికాలోని రోచెస్టరు నగరమందు, ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో పనిచేయుచున్న స్టీవెన్ సాసన్ అను యువ ఇంజనీరు ఒక వింత పరికరమును నిర్మించెను. అది కెమెరాయే గాని అందులో ఫిల్ము లేదు. ఎదుటి దృశ్యమును 10,000 బిందువులుగా విభజించి, అంకెలలోనికి మార్చి, క్యాసెట్టు టేపుపై వ్రాసికొనుట దాని పని. బరువు సుమారు 3.6 కిలోగ్రాములు. ఒక్క చిత్రమును భద్రపరచుటకు దానికి 23 సెకనులు పట్టెడిది.

నేడు డిజిటల్ కెమెరా లేని ఫోను అరుదు. అయినను ఛాయాచిత్రకళయే జీవనోపాధిగా గలవారు లక్షల రూపాయలు వెచ్చించి వేరొక కెమెరాను కొనుచున్నారు. ఏల? బిందువుల సంఖ్య ఎక్కువగుటచేతనని పలువురు తలంతురు. పది లక్షల బిందువులు ఒక మెగాపిక్సెల్. 2020లో వెలువడిన కొన్ని ఫోనులలో 108 మెగాపిక్సెళ్లు కలవు. వృత్తికారులకొరకే 2016లో వెలువడిన నైకాన్ డి5 కెమెరాలో ఉన్నవి 20.8 మాత్రమే! కావున దాని గొప్పతనమును వేరొకచోట వెదకవలెను.

ఒక పెండ్లిని ఊహింపుడు. ముహూర్తము తెల్లవారుజామున. మండపములో వెలుతురు తక్కువ. వరుడు మాంగల్యధారణము చేయుచున్నాడు. అన్ని వైపులనుండి అక్షతలు రాలుచున్నవి. ఆ క్షణము తప్పిపోయినచో, "అయ్యా, మరల ఒకసారి కట్టుడు" అని ఛాయాగ్రాహకుడు అడుగజాలడు. అతని పనిముట్టునకు ఇదియే పరీక్ష.

చీకటిలో చిత్రము స్పష్టముగా రావలెనన్న వెలుతురును గ్రహించు ఫలకము పెద్దదై యుండవలెను. దీనినే సెన్సారు అందురు. వాన కురియునపుడు వాకిట పెట్టిన గంగాళము చిన్న గిన్నెకంటె ఎక్కువ నీరు పట్టును గదా! సెన్సారును అట్టిదే. డి5 సెన్సారు సుమారు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు కలది. చిన్న కెమెరాలలోని సెన్సారుల కంటె దాని వైశాల్యము దాదాపు 30 రెట్లు. చిన్న సెన్సారును కోట్లకొలది బిందువులుగా విభజించినచో ఒక్కొక్క దానికి దక్కు వెలుతురు స్వల్పము. అందుచే మసక వెలుతురులో చిత్రముపై ఇసుక చల్లినట్లు మచ్చలు కానవచ్చును.

సెన్సారు వెనుకనే కటకమును చెప్పవలెను. వృత్తికారుని కెమెరాకు పనిని బట్టి కటకమును మార్చుకొనవచ్చును. దూరమందలి ఆటగానికి ఒకటి, ఇరుకు గదికి మరియొకటి. కటకపు ద్వారము ఎంత విశాలమైన అంత వెలుతురు లోనికి ప్రవేశించును.

ఇక వేగము. డి5 సెకనుకు 12 చిత్రములను తీయగలదు. కదలుచున్న వ్యక్తిని కటకము వెన్నంటి స్పష్టముగా నిలుపుచుండును. పొరపాటున వధువు ముఖముపై నీడ పడినను తరువాత దిద్దుకొన వీలున్నది. మామూలు జేపెగ్ చిత్రములో ప్రతి మూలవర్ణమునకు 256 మెట్లు మాత్రమే యుండగా, ఈ కెమెరా భద్రపరచు ముడి చిత్రములో 16,384 మెట్ల వరకు ఉండును. నీడలో దాగిన వివరములు అందుండి బయటపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది నమ్మకము. డి5లో రెండు మెమరీ కార్డులు పట్టును. ఒకే చిత్రమును రెంటిపైనను వ్రాయవచ్చును గనుక ఒకటి చెడినను పెండ్లివారికి నష్టము లేదు. చినుకులు, దుమ్ము లోనికి చొరకుండ అతుకులను మూసియుంచిరి. దాని షట్టరును 4,00,000 పర్యాయములు తెరచి మూసి పరీక్షించిరి.

సాసన్ నిర్మించిన కెమెరాకు ఒక్క చిత్రమును భద్రపరచుటకే 23 సెకనులు పట్టెడిది. వృత్తికారుని కెమెరా క్షణము కొరకు తానే సిద్ధమై వేచియుండును. అయినను ఆ క్షణము ఏదియో గుర్తించువాడు మానవుడే. ఆ నేర్పు ఏ అంగడిలోను దొరకదు. అది సాధనవలననే లభించును.