చెవికి నప్పాలి... పాటకు ఒప్పాలి!

తాతయ్యకు ఘంటసాల గొంతు వినిపిస్తే చాలు. అమ్మకు ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన అన్నమయ్య కీర్తనలు కావాలి. నాన్నకు ఇళయరాజా పాటలంటే ప్రాణం. కాలేజీకెళ్లే అబ్బాయికేమో డప్పు మోగాలి, గుండె అదరాలి. నలుగురివీ నాలుగు అభిరుచులు. కానీ ఇయర్‌ఫోన్లు కొనడానికి వెళ్తే మాత్రం అందరూ అడిగేది ఒకటే... ‘ఏ కంపెనీవి బాగుంటాయి?’ అని. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మీరు ఎక్కువగా వినే పాటలేంటి? అవి మీ చెవిలో సరిగ్గా కూర్చుంటాయా?

పెట్టె మీది అంకెలు

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల వరకూ శబ్దాలను వినగలదు. వయసు పెరిగేకొద్దీ పైస్థాయి శబ్దాలు వినపడటం తగ్గుతుంది. బాస్ గిటార్‌లో అడుగు తీగ సుమారు 41 హెర్ట్జ్‌ల దగ్గర మోగితే, తాళాల గలగల వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది. గాయకుల గొంతులో స్పష్టతంతా ఈ రెండింటి మధ్యే. ఇయర్‌ఫోన్ల పెట్టె మీద ‘20-20,000’ అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ సమానంగా పలుకుతాయని కాదు. కొన్ని బాస్‌ను పెంచి వినిపిస్తాయి, కొన్ని గొంతును ముందుకు తెస్తాయి. ఆ తేడా తెలియాలంటే విని చూడాల్సిందే.

ఏ పాటకు ఏది?

పాత పాటలు: 1950లు, 60ల నాటి సినిమా పాటలు ఎక్కువగా మోనోలో రికార్డయ్యాయి. రెండు చెవులకూ ఒకటే శబ్దం. వాటికి గొంతే ప్రాణం. బాస్ మరీ ఎక్కువైతే గొంతు ముద్దముద్దగా వినిపిస్తుంది. ట్రెబుల్ ఎక్కువైతే పాత రికార్డులోని ‘సుయ్’మనే శబ్దం పైకి తేలుతుంది. మధ్యస్థాయి స్పష్టంగా ఉన్నవి ఎంచుకోవాలి.

శాస్త్రీయ సంగీతం: గాత్రం, వయొలిన్, మృదంగం, వెనకాల తంబుర... వేటికవి విడిగా వినిపించాలి. దేన్నీ పెంచకుండా, తగ్గించకుండా సమంగా పలికేవి నప్పుతాయి.

ఇళయరాజా, రెహమాన్ పాటలు: ఎన్నో వాద్యాలు ఒకేసారి పలుకుతాయి. బాస్ ఉండాలి, కానీ పక్క వాద్యాలను మింగేయకూడదు. ఏది కుడివైపు, ఏది ఎడమవైపు మోగుతుందో తెలుస్తుంటే మంచి జత దొరికినట్లే.

మాస్ బీట్లు: బాస్ గట్టిగా ఉండేవి తీసుకోవచ్చు. అయితే దరువులో పాట మాటలు కొట్టుకుపోతుంటే అవి వద్దు.

లోపల ఏముంది?

మామూలుగా ఇయర్‌ఫోన్లలో ఉండేది డైనమిక్ డ్రైవర్. అంటే సన్నటి పొర కదిలే బుల్లి స్పీకరన్నమాట. బాస్ బాగా పలుకుతుంది. మరో రకం బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. వినికిడి యంత్రాల్లో వాడే పరికరమే ఇది. సూక్ష్మమైన శబ్దాలను చక్కగా పలికిస్తుంది. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ‘ఈఆర్-4’ ఈ రకం ఇయర్‌ఫోన్లకు దారి వేసింది. కొన్నింటిలో రెండూ కలిపి ఉంటాయి. అలాగని డ్రైవర్లు ఎన్ని ఎక్కువుంటే అంత గొప్ప అనుకోనక్కర్లేదు. ఒకే డ్రైవర్‌తో అద్భుతంగా పలికేవీ ఉన్నాయి.

కొనేముందు...

* మీ అభిరుచి మీకే తెలియకపోతే ఫోన్‌లోని ఈక్వలైజర్‌లో బాస్, ట్రెబుల్ పెంచి తగ్గించి చూడండి. ఏది హాయిగా ఉందో అదే మీ దారి.

* మీకు కంఠతా వచ్చిన రెండు మూడు పాటలు విని చూడండి. రెండు జతలను పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్లు అనిపించడం సహజం.

* చాలావాటితో మూడు సైజుల సిలికాన్ తొడుగులు వస్తాయి. అన్నీ పెట్టి చూడండి. కుడి, ఎడమ చెవులకు వేర్వేరు సైజులు కావాల్సి రావచ్చు. తొడుగు వదులైతే బాస్ బయటికి పోతుంది. ఖరీదైనవి కూడా రేకుడబ్బాలా మోగుతాయి.

శబ్దం తగ్గిస్తేనే సంగీతం

తొడుగు సరిగ్గా అమరడం పాట కోసమే కాదు, చెవి కోసం కూడా. బస్సు రొద లోపలికి వస్తుంటే చెయ్యి తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తుంది. బయటి శబ్దం తగ్గితే తక్కువ వాల్యూమ్‌లోనే పాట స్పష్టంగా వినిపిస్తుంది. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి ఇంజిన్ హోరు లాంటి శబ్దాలను బాగా తగ్గిస్తాయి. అయితే రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు చెవులు ఖాళీగా ఉండాల్సిందే. వెనక వచ్చే హారన్ వినపడకపోతే ప్రాణానికే ప్రమాదం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబుల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకూ వినొచ్చు. అదే 90 డెసిబుల్స్‌కు చేరితే వారం మొత్తానికి నాలుగు గంటలే! లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సున్నితమైన రోమకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. పాట ఆపాక చెవుల్లో గింగురుమంటోందంటే వాల్యూమ్ శ్రుతి మించిందని అర్థం. ఆ మోత తగ్గకపోయినా, పక్కవాళ్ల మాటలు సరిగ్గా వినపడకపోయినా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. ఇంట్లో పిల్లలకు కొత్త ఇయర్‌ఫోన్లు కొనిచ్చే రోజే ఫోన్‌లో వాల్యూమ్ పరిమితి కూడా పెట్టేస్తే మంచిది.