పాలిథీనునుండి కార్బను పోగు

విమానభాగములకును గాలిమరల రెక్కలకును వాడబడు కార్బను పోగు ఉక్కుకంటె మిక్కిలి తేలిక. గట్టితనమున దానికి తీసిపోదు. దీనిలో నధికభాగమును పాలియాక్రిలోనైట్రైలను ఖరీదైన ప్లాస్టిక్కునుండి చేయుదురు. కాల్చినపిమ్మట తూకము సుమారు సగమే మిగులును. కలుపు రాకుండ మనము తోటలలో పఱచు పట్ట పాలిథీనే గదా! పాలిథీనులో నూటికి సుమారు 86 పాళ్లు కార్బనే, వెలయు తక్కువ. అయితే వేడి తగిలినంతనే యది కరగిపోవును. అందుచే అమెరికాలోని ఓక్ రిడ్జి ప్రయోగశాలవారు పాలిథీను పోగును ముందుగా గంధకికామ్లముతో కరగని స్థితికి తెచ్చి, పిదప గాలి చొరని కొలిమిలో కాల్చి, ఫలితమును 2012లో ప్రకటించిరి. ఆమ్లముతోడి పని అపాయకరము, వ్యయమును గలదు.

కావున రైతులు చిరిగిన పట్టలను దీనికై నిలువచేయ బనిలేదు. మన్నంటిన ప్లాస్టిక్కు సన్నని పోగుగా సాగదు. పొలమున తగులబెట్టుటయు తగదు. కడిగి యారబెట్టి, కొనువారున్నచోట తూకమున కిచ్చినచో నాలుగు డబ్బులైన చేతికి వచ్చును.