పట్టికనుండి రంగస్థలమునకు: గురజాడ అప్పారావుగారి రచనావ్యాసంగము



ఒక అన్యాయమును లోకమునకు తెలుపవలెనన్న, దానిని లెక్కవేసి కాగితముపై చూపిన చాలునా? మన విశాఖసీమలో పుట్టిన గురజాడ అప్పారావుగారి జీవితమే ఈ ప్రశ్నకు సమాధానము.

అప్పారావుగారు 1862లో సర్వసిద్ధి రాయవరమున జన్మించిరి. విజయనగరమున చదివి, అచ్చటి మహారాజావారి కళాశాలలో అధ్యాపకులైరి. వారి కలము మొదట పత్రికలద్వారా, అదియు ఇంగ్లీషున, లోకమునకు పరిచయమైనది. 1883లో వారి ఇంగ్లీషు కావ్యము ‘సారంగధర’ పత్రికలో వెలువడగా, కలకత్తా సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీగారు మెచ్చుకొని, మాతృభాషలో వ్రాయుడని ప్రోత్సహించిరి.

ఆ దినములలో మైదానపు బ్రాహ్మణ కుటుంబములందు ధనము పుచ్చుకొని పసిబాలికలను పెండ్లిచేయు దురాచారము కలదు. విజయనగర ప్రభువు ఆనందగజపతివారు మూడేండ్లలో జరిగిన ఇట్టి వివాహములకు పట్టిక వ్రాయించిరి. అవి 1,034. వధువులలో 99 మంది అయిదేండ్లవారు. ముగ్గురు ఏడాది బిడ్డలు. అట్టి శిశువులకు 350 మొదలు 400 రూపాయల వెల!

2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడువఱకు మన అరకులోయయు విశాఖ జిల్లాలోనిదే. అయినను ఆ పట్టిక మైదానమునకే పరిమితము, మన్యమును గూర్చినది కాదు. మన కొండలలోని ఓలిని మీ రెఱుగుదురు. ఈడువచ్చిన కన్య కిచ్చు ఓలియు, ఉయ్యెలలోని బిడ్డకు కట్టిన వెలయు ఒకటి కావు.

పట్టిక కచేరీలో నుండును, చదువువారు కొందఱే. నాటకమునన్ననో చదువురానివారును చూతురు. ఇట్లు తలచి అప్పారావుగారు ‘కన్యాశుల్కము’ రచించిరి. అది 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది; 1909లో మిక్కిలి మార్పులతో మరల వెలువడినది. అందు అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని ముసలివాడైన లుబ్ధావధానులకు అమ్మజూచును. పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే బాలవితంతువు. పట్టికలో అంకెయైన బాలిక రంగముపై మన యింటి ఆడుబిడ్డ యైనది.

1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికయందు వారి ‘దిద్దుబాటు’ కథ ప్రకటితమైనది. ఆటకత్తెల మేళములకు మరగిన భర్తను చదువుకొన్న భార్య కమలిని ఒక్క యుత్తరముతో దారికి తెచ్చును. నాటకము పదిమంది నడుమ చూడదగినది. ఈ కథ గృహస్థుడు తన యింట ఒంటరిగా చదివి సిగ్గుపడదగినది.

నాటకమునను కథయందును పాత్రలు ఇంటిలో మాటలాడు తెలుగే మాటలాడుదురు. వారి మిత్రులు గిడుగు రామమూర్తిగారు కొండలలోని సవరల భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణము ప్రకటించిరి. వినువాని మాటలో చెప్పిననే వానికి బోధపడునని ఇరువురి నమ్మకము.

అప్పారావుగారు 1915లో గతించిరి. మన గ్రామమున అన్యాయము కనబడినప్పుడు అర్జీ వ్రాయవలసినదే. కాని అంతటితో నిలువక, ఇటుకల పండుగనాటి ఆటపాటలలోను, రాత్రి నెగడు చుట్టును చెప్పు కథలలోను, వినువారి మాటలలోనే దానిని చెప్పింపుడు. అర్జీ అధికారికి చేరును. కథ ఊరికి చేరును.