మంట వయసును బట్టి వంట

కార్తీకంలో వనభోజనానికి పోదామనగానే ఇంట్లో ఆడవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే. గ్యాస్ పొయ్యి లేకుండా, ఒక్క మంట మీద, పదిమందికి నాలుగు రకాలు ఎట్లా వండేది? ఈ భయంతోనే చాలామంది పులిహోర డబ్బాలకెత్తుకొని పోయి, చెట్టు కింద చల్లగా తిని వచ్చేస్తారు. నాకు అది బాధగా ఉంటుంది. అనంతపురం వైపు తిండి పుట్టిందే ఆరుబయట కట్టెల మంట మీద. మంటకు వయసు ఉంటుందని తెలిస్తే చాలు, మిగతాది తేలిక.

మంటకు వయసేమిటి? కట్టె వేడెక్కగానే దానిలోంచి ఆవిర్లు బయటికొస్తాయి. అవి అంటుకొని మండటమే మనకు కనబడే మంట. అది పడుచుతనం. ఎసరు మరగడానికి, పప్పు ఉడకడానికి అదే కావాలి. అరగంట, ముప్పావుగంట గడిచేసరికి ఆవిర్లు అయిపోయి బొగ్గు మిగులుతుంది. పొగ లేకుండా ఎర్రగా కాలే ఆ నిప్పుల మీద సంగటి మగ్గుతుంది, వంకాయ కాలుతుంది. చివరికి వేడి బూడిద. దాంట్లోనూ ఒక వంట ఉంది. అందుకే వంటల వరసను మనం కాదు, మంటే చెప్పాలి.

పొయ్యికి మూడు రాళ్లే ఎందుకు? నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లది ఊగదు. అయితే మనుషులు పదిమంది దాటితే గాడిపొయ్యి తవ్వడం మేలు. మూరెడు లోతు, రెండు మూడు గిన్నెలు పట్టేంత పొడవు. గాలి ఎటునుంచి వస్తుందో అటు నోరు పెట్టాలి. రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగే సీమ మనది. పైన పెట్టిన మంట గాలికి చెదిరి, వేడంతా వృథా అవుతుంది. గాడిలో అదే గాలి మంటను లోపలికి తోస్తుంది. ముందరి గిన్నెకు మంట, వెనక గిన్నెకు సెగ. ఒకే కట్టెతో రెండు మూడు వంటలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల మీద కట్టె కూడా లెక్కగానే వాడాలి.

ఏ కట్టె? కందికట్టె సన్నగా ఉంటుంది కాబట్టి భగ్గున అంటుకుంటుంది, అంతే త్వరగా ఆరుతుంది. అంటించడానికి అది. నిప్పులకు తుమ్మ, సర్కారు తుమ్మ. గట్టి కట్టె, బొగ్గు నిలుస్తుంది. పచ్చిది మాత్రం వద్దు, దానిలో నీళ్లు ఆవిరయ్యేదాకా పొగే.

పిల్లలకు ఆకలి ఆగదు. మంట ఇంకా కుదురుకోకముందే ఉగ్గాని చేసేయండి. బొరుగులు నీళ్లలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పసుపు పోపులో కలిపి, ఇంట్లోనే కొట్టి తెచ్చుకున్న పుట్నాల పొడి చల్లితే పది నిమిషాల్లో తయారు. ఉగ్గానికి బజ్జీ జోడీ అని తెలుసు. కానీ పిల్లలు చుట్టూ తిరిగే చోట కట్టెల మంట మీద నూనె మూకుడు వద్దనే అంటాను.

పప్పు ఎందుకు ఉడకలేదు? ప్రతిసారీ వినబడే ఫిర్యాదు ఇది. తప్పు చాలాసార్లు మంటది కాదు, నీళ్లది. బోరు నీళ్లలో సున్నపు గుణం ఎక్కువగా ఉంటే కందిబేళ్లు మెత్తబడవు. ఇంటినుంచి మంచినీళ్ల క్యాన్ తెచ్చుకోవాలి, బేళ్లు ముందే నానబెట్టాలి. చింతపండు, టమేటా పప్పు ఉడికాకే వేయాలి. పులుపు ముందు పడితే బేడ గట్టిపడుతుంది.

ఇక సంగటి. గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు పోసి, అన్నం బాగా మెత్తగా ఉడకనివ్వాలి. నీళ్లు ఇంకా కొంచెం ఉండగానే గ్లాసు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి. కలపొద్దు. తెడ్డు కాడతో కుప్ప నడుమ ఒక బొక్క పొడిచి, మూతపెట్టి, కట్టెలు వెనక్కి లాగేయాలి. పది నిమిషాలు. ఆ బొక్కలోంచి ఆవిరి బుస్సుమని పైకి వస్తూ పిండిని లోపలినుంచి ఉడికిస్తుంది. ముందే కలిపితే పైపొర ఉడికి, లోపల పచ్చిపిండి ఉండలుగా మిగిలిపోతుంది. తర్వాత గిన్నె దించి, ఇద్దరు గుడ్డతో గట్టిగా పట్టుకోగా ఒకరు తెడ్డుతో గెలకాలి. చేతులు తడుపుకొని ముద్దలు కట్టే పని పిల్లలకివ్వండి. కాస్త ఆరనిచ్చి ఇవ్వాలి, లోపల బాగా కాలుతుంటుంది.

నిప్పులు తెల్లబడుతుంటే వంకాయలకు వేళయినట్టు. నాలుగు గాట్లు పెట్టకపోతే లోపలి ఆవిరికి పగులుతాయి. తోలు నల్లబడ్డాక ఒలిచి, కాల్చిన మిరపకాయలు, వేయించిన శెనగ్గింజలు, చింతపండు, ఉప్పు వేసి నూరితే ఊరిబిండి. సంగటికి దీన్ని మించిన జోడీ నాకు తెలియదు. గెనుసుగడ్డలు అప్పటికే వేడి బూడిదలో పూడ్చి ఉంచాలి.

కార్తీకానికి శెనక్కాయ పీకే రోజులు కలిసొస్తాయి. అప్పుడే పీకిన కాయలు తెచ్చి నిప్పుల మీద వేస్తే, పొట్టు నల్లగా కాలుతుంది గానీ గింజ కాలదు. కాయలోని తడే ఆవిరై గింజను ఉడికిస్తుంది. ఒలిచి నోట్లో వేసుకుంటే పాల రుచి, వెనకే పొగ రుచి.

రాళ్ల విషయంలో ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఒకసారి నేను వంకలోంచి నున్నటి రాళ్లు ఏరి పొయ్యి పెట్టాను. పప్పు ఉడుకుతుండగా ఒకటి ఠప్పున పేలింది. ముక్క మా చెల్లెలి కొడుకు మోకాలి పక్కనుంచి పోయింది. రాతి సందుల్లో దాగిన నీళ్లు ఆవిరైతే జరిగేది అదే. ఎండిన గట్టు మీది రాళ్లే తీసుకోండి.

చోటు కూడా అంతే జాగ్రత్తగా ఎంచుకోవాలి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూడటానికి ఎందరో కుటుంబాలతో వస్తారు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మాను, నాలుగైదు ఎకరాలు కమ్ముకొని ఉంటుంది. అటువంటి మానుల నీడలో ఊడల పక్కన, ఎండుటాకుల మీద మంట వేయకూడదు. చెట్టు దాటి, బోడినేల వెతుక్కొని వండండి. తినడానికి నీడకు వెళ్లండి.

ఆర్పేటప్పుడు చాలామంది మట్టి కప్పి వెళ్లిపోతారు. మట్టి కింద నిప్పు గంటలకొద్దీ బతికే ఉంటుంది. మరునాడు గొర్రెల వెంట వట్టి కాళ్లతో వచ్చే పిల్లవాడికి అక్కడ నిప్పుందని ఎట్లా తెలుస్తుంది? కరువు నేల మీద నీళ్లు ఎక్కడివంటే, పొద్దున బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒక బకెట్‌లో దాచండి. కొద్దికొద్దిగా పోస్తూ కట్టెతో బూడిద తిరగేసి, అరచేతి వెనకవైపు పైన పెట్టి చూడండి. సెగ తగిలితే ఇంకో చెంబెడు పోయండి.